కదిరప్పకు నాలుగోసారి చూపిన గీతలు

1983లో నేను హిందూపురంలో ఒక ధర్మసంస్థ నడిపే చిన్న కంటి ఆసుపత్రిలో రిఫ్రాక్షనిస్టుగా పనిచేసేవాణ్ణి. రోగికి అద్దాల నంబరు తేల్చడం, కంటిలోపలి ఒత్తిడి కొలవడం, చూపు ఏ మేరకు పరచుకుని ఉందో నల్లటి తెర మీద గుర్తించి పటం గీయడం నా పనులు. కత్తి పట్టేది డాక్టరమ్మ. అయితే పట్టాలా వద్దా అని ఆవిడ తేల్చుకునేది చాలావరకు నేనిచ్చే అంకెలను చూసే. నెలకొకసారి పెనుకొండలోనూ ధర్మవరంలోనూ శిబిరాలు పెట్టేవాళ్లం. హిందూపురం దాకా రాలేని చుట్టుపక్కల పల్లెలవాళ్లు అక్కడికి వచ్చేవారు.

నేను చదివింది భౌతికశాస్త్రం. ఏ కొలతనైనా ఒక్కసారి తీసి నమ్మే అలవాటు నాకు లేదు. తూకం వేసేముందు తక్కెడ సరిగా ఉందో లేదో చూసుకునే మనిషిని. "మా సారు పొద్దున్నే సూర్యుడు లేచినా, అది తూర్పో కాదో దిక్సూచి పెట్టి చూసుకున్నాకనే దండం పెడ్తాడు" అని మా నర్సు వెక్కిరించేది. నేను దాన్ని ప్రశంసగానే తీసుకునేవాణ్ణి.

ఆ యేడాదే మా ఆసుపత్రికి ఒక కొత్త పరీక్ష వచ్చింది. దాని పేరు కాంట్రాస్ట్ సెన్సిటివిటీ టెస్ట్. మనం మామూలుగా గోడకు తగిలించే పట్టికలో అక్షరాలు తెల్ల కాగితం మీద నల్ల సిరాతో ఉంటాయి. లోకం అంత స్పష్టంగా రాసి ఉండదు. మునిమాపు వేళ మట్టిదారిలో అదే మట్టిరంగు గుంత, తెల్లని అన్నంలో తెల్లని రాయి, మబ్బు పట్టిన రోజున ఎదురుగా వచ్చే మనిషి ముఖం — ఇవన్నీ వెలుగులో కొద్దిపాటి తేడాను పసిగట్టగలిగితేనే కనిపిస్తాయి. ఆ శక్తినే ఈ పరీక్ష కొలుస్తుంది. గ్లాకోమా అనే జబ్బులో కంటిలోని ఒత్తిడి వల్ల చూపునరం మెల్లమెల్లగా చచ్చిపోతుంది. అలాంటి రోగి పట్టికలోని చివరి వరుస దాకా చదివేస్తాడు గానీ ఈ మసక తేడాలు అతనికి ముందే జారిపోతాయని, వాటిని కొలిస్తే జబ్బు నడకను ముందుగా పట్టుకోవచ్చని ఆ పరీక్షను మెచ్చుకునేవారి వాదం.

పరికరం చాలా సులువైనది. కొన్ని పలకలు, వాటిమీద బూడిదరంగు గీతలు. పలక పైభాగంలో గీతలు ఉన్నాయో లేవో అన్నంత పలచగా ఉండి, కిందికి పోయేకొద్దీ ముదురుతాయి. పలక ఒక ఒరలో ఉంటుంది. నేను దాన్ని నెమ్మదిగా పైకి లాగుతాను. గీతలు అగపడిన క్షణాన రోగి చెప్పాలి. అక్కడ ఆపి, అంచున ఉన్న అంకె చూసి రాసుకుంటాను. చిన్న అంకె వస్తే కన్ను మంచిది. పెద్ద అంకె వస్తే చూపు దెబ్బతిన్నట్టు.

ఈ పద్ధతి నాకు మొదటిరోజే నచ్చలేదు. నేను ఎంత వేగంగా లాగుతున్నాను? గదిలో వెలుగు ఎంత? హిందూపురంలో సాయంత్రం వోల్టేజీ పడిపోతే బల్బు దీపపు వత్తిలా ఎర్రబారేది. గ్లాకోమా రోగులు వేసుకునే చుక్కలు కంటిపాపను గుండుసూది తలంత చేస్తాయి, లోపలికి పోయే వెలుగే తగ్గిపోతుంది. వీటన్నింటినీ మించి, "అగపడింది" అన్న మాటకు సాక్ష్యమేదీ లేదు. ఒకడు అనుమానం రాగానే అంటాడు, ఇంకొకడు రూఢి అయితే తప్ప అనడు. మా సిబ్బంది కళ్ల మీద రోజు మార్చి రోజు చూస్తే అంకెలు ఇంచుమించు నిలిచాయి. జబ్బున్న కళ్ల మీద ఊగాయి. ఊగుతున్నది కన్నా, కొలతా? అది తేలకుండా ఈ నెల అంకెను పోయిన నెల అంకెతో పోల్చి జబ్బు పెరిగిందని ఎలా చెబుతాం? డాక్టరమ్మతో ఈ మాటే అన్నాను. "అనుమానాలు రాసిపెట్టండి, అంకెలూ రాసిపెట్టండి" అన్నారావిడ.

కదిరప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. యాభై దాటిన మనిషి. మా దగ్గరికి వచ్చేనాటికే గ్లాకోమాతో కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటిని చుక్కలతో కాపాడుకొస్తున్నాం. భార్య రామక్కది పెనుకొండ. ఆమె పుట్టింటికి వచ్చిన సందర్భంలో ఇద్దరూ మా పెనుకొండ శిబిరానికి వస్తే, ఒక బడి గదిలో అతనికి మొదటిసారి ఈ పలకలు చూపించాను.

"గీతలు అగపడగానే చెప్పాల, కదిరప్పా" అన్నాను.

పలక ఇంకా సరిగ్గా కదలనేలేదు. "ఆఁ, అగపడతాండాయి" అన్నాడు.

"అంత తొందర యాల? సరిగ్గా చూసి చెప్పు" అంది పక్కనే నిలబడిన రామక్క.

"నా కన్ను సంగతి నాకెరుక లేదా? నువ్వు ఊరకుండు."

మిగిలిన పలకలకూ అంతే. రెండు కళ్లూ బాగున్నవాళ్లలో కొందరికి కూడా రానంత చక్కటి అంకె వచ్చింది. రాసుకున్నాను.

నాలుగు నెలల తరువాత అతను హిందూపురానికే వచ్చాడు. ఈసారి భార్యతో పాటు ఫకృద్దీన్ అనే యువకుడు కూడా ఉన్నాడు. కదిరప్పకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు దగ్గర గుమాస్తా. సంగతి అతనే చెప్పాడు.

"పెండ్లిచీర ఒకటి నేసినాడు సార్ మామ. ముహూర్తం దినం ఎండలో విప్పి చూస్తే, చీర నడుమన ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక చార. పైన ఒక రంగు, కింద ఒక రంగు. పెండ్లోళ్లు మా సావుకారును నానా మాటలూ అనిరి. మామను అడిగితే, కన్ను మసకబారింది, నాకు అగపడలేదు అన్నాడు. ముప్పై ఏండ్లుగా ఒక్క మాట పడని మనిషి. మా సావుకారు, మగ్గం దిగి ముందు కన్ను చూపించుకో పో అని నన్ను తోడిచ్చి పంపించినాడు. ఆపరేషనయితే ఖర్చంతా ఆయనదే."

కదిరప్ప నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. రామక్క కొంగుతో కళ్లొత్తుకుంది. కన్ను బాగుపడితే పెనుకొండ బాబయ్య దర్గాలో చక్కెర చదివించి పంచుతానని మొక్కుకున్నానని నాతో చెప్పింది.

పలకలు తీశాను. ఫకృద్దీన్ బల్ల పక్కన నిలబడి ఆసక్తిగా చూస్తున్నాడు. నేను లాగుతున్నాను. పలక సగానికి వచ్చింది. కదిరప్ప ఉలకలేదు. ముప్పాతిక వచ్చింది. దూరం నుంచి నర్సుకు కూడా కనిపించేంత ముదురు గీతలు వచ్చాక, "ఇప్పుడు... ఏందో ఉన్నట్టుండాది సార్" అన్నాడు. ప్రతి పలకకూ అదే తీరు. అంకె నేను అంతకుముందెప్పుడూ రాయనంత పెద్దది.

ఒత్తిడి కొంచెం పెరిగి ఉంది. నల్లతెర మీద చూపు పటం మాత్రం ఇంచుమించు పాతదానిలాగే వచ్చింది. మూడూ డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ వాటిని పక్కపక్కన పెట్టి చూశారు.

"ఉన్న ఒక్క కన్నూ నిజంగా జారిపోతుంటే నేను ఆగకూడదు. జారిపోకపోతే ఆ కంటి మీద కత్తి పెట్టకూడదు. ఈ ఆపరేషన్లో ఉన్న చూపు పోయినవాళ్లనూ చూశాను. ఒత్తిడి అటూ ఇటూగా ఉంది, పటం కదల్లేదు, మీ అంకె ఒక్కటే గట్టిగా మాట్లాడుతోంది. నమ్మమంటారా?"

నేను రెండు రోజులు గడువడిగాను. డాక్టరమ్మ కదిరప్పను వార్డులో చేర్చుకుని ఆపరేషన్ సంగతి, అందులోని ప్రమాదమూ వివరించారు. సాధారణంగా ఆ మాట వినగానే రోగులు వంద ప్రశ్నలు వేస్తారు. మళ్లీ అగపడుతుందా, ఎన్నాళ్లు పథ్యం, తిరిగి మగ్గమెక్కొచ్చా అని. కదిరప్ప ఒక్కటీ అడగలేదు.

"కోసేయండమ్మా" అన్నాడు.

"ఉన్నదొక్క కన్ను. అడగాల్సింది అడుగయ్యా" అంది రామక్క.

"నువ్వుండు. అమ్మ చెప్పినాక ఇంగ అడిగేదేముంది?"

ఆ రెండు రోజులూ నేను నా విద్యనంతా బయటికి తీశాను. ఫోటో స్టూడియోలో వెలుగు కొలిచే మీటరు అరువు తెచ్చి, వోల్టేజీ నిలకడగా ఉన్న వేళ చూసి, బల్బు కింద పలక మీద పడే వెలుగును ఒకే తీరున ఉంచాను. చుక్కలు వేసిన ఎంతసేపటికి పరీక్ష పెడుతున్నానో చూసుకున్నాను. పలక లాగే వేగం మారకుండా చెయ్యి సాధకం చేసుకున్నాను. అన్నీ సరిచేసి మళ్లీ పెట్టినా అంకె అదే వచ్చింది. మరునాడూ అదే. కొలత నిలకడగా ఉంది కాబట్టి నమ్మదగినదేనని ఒక పూట నేనూ అనుకున్నాను. పట్టుబట్టి చెప్పే అబద్ధం కూడా అంతే నిలకడగా ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు.

నా నమ్మకాన్ని కదిపింది ఒక చిన్న దృశ్యం. సాయంత్రం దీపాలు పెట్టకముందు, వార్డులో బూడిదరంగు గచ్చు మీద ఎవరిదో బూడిదరంగు దుప్పటి జారిపడి ఉంది. కదిరప్ప నీళ్లకుండ వైపు నడుస్తూ, దాని దగ్గరకు రాగానే కొంచెం పక్కకు జరిగి, తొక్కకుండా పోయాడు. ఒక్క కంటితో, ఆ అంకె వచ్చిన మనిషి, ఆ వెలుగులో ఆ దుప్పటిని చూడగలగడానికి వీల్లేదు.

మరునాడు పొద్దున ఒక అట్టముక్కకు గుండ్రటి కిటికీ కోశాను. దాన్ని పలక మీద పెడితే లోపల ఒకే తీరు పలచటి గీతలు కనిపిస్తాయి. పలకను తిప్పి గీతలను నిలువుగా పెట్టవచ్చు, అడ్డంగానూ పెట్టవచ్చు. ఇక రోగి "అగపడింది, అగపడలేదు" అననక్కరలేదు. నిలువో అడ్డమో చెబితే చాలు. దీన్ని మా వృత్తిలో ఫోర్స్‌డ్ చాయిస్ అంటారు. తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి తీరాలని అర్థం.

"పడుగు మాదిరి నిలువుగా ఉండాయా, పేక మాదిరి అడ్డంగా ఉండాయా? అగపడకపోయినా ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

ఫకృద్దీన్ యథాప్రకారం బల్ల పక్కనే ఉన్నాడు. కదిరప్ప ఒకసారి అతనివైపు చూసి మొదలుపెట్టాడు. నిలువుగా పెడితే అడ్డమన్నాడు. అడ్డంగా పెడితే నిలువన్నాడు. మళ్లీ తప్పు. మళ్లీ తప్పు. నేను వరస మార్చి మార్చి పెట్టాను. అన్నీ తప్పే.

నాకు కావలసిన ఆధారం అదే. చదువరులకు ఇది వింతగా ఉండవచ్చు. గుడ్డివాణ్ణి కూర్చోబెట్టి నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా అని అడిగినా, ఊరికే చెప్పినవాటిలో ఇంచుమించు సగం ఒప్పవుతాయి. కనపడనివాడికి ఒప్పు ఎంత అందదో తప్పూ అంతే అందదు. ప్రతిసారీ తప్పు చెప్పాలంటే ముందు ఒప్పేదో తెలిసి ఉండాలి. కదిరప్పకు ఆ గీతలు కనిపిస్తున్నాయి.

ఫకృద్దీన్‌ను మందులషాపుకు పంపి తలుపు వేశాను. రామక్క ఒక మూల స్టూలు మీద ఉంది. ఆమెను బయటికి పంపాలని నాకు తోచలేదు. గెలిచిన ఉత్సాహంలో ఉన్నాను.

"నీకు అగపడతాండాయి, కదిరప్పా."

"లేదు సార్."

"అగపడకపోతే సగమన్నా ఒప్పు కావల్ల. కండ్లు మూసుకొని చెప్పినా సగం ఒప్పయితాయి. నువ్వు ఒక్కటీ ఒప్పు చెప్పలేదు. చూసి, కావాలనే తిరగేసి చెప్తాండావు."

అతను భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని, దాని అంచు దారాలను వేళ్లతో సరిచేస్తూ కూర్చున్నాడు. నా మాట అర్థం కావడానికి రామక్కకు కొంతసేపు పట్టింది.

"ఏంది సార్ మీరనేది? అగపడతాందా ఈయప్పకు?" అంది. తరువాత అతనివైపు తిరిగింది. "నేను ఇంటింటికీ పోయి నా మొగుని కన్ను పోతాందని ఏడిస్తిని గదయ్యా. దర్గాకు మొక్కుకుంటిని. అన్నం తట్ట నీ చేతికి అందిస్తి. గుడ్డోని మాదిరి అందుకుంటివే, నీకు సిగ్గనిపించలేదా?"

"అనిపించింది" అన్నాడు కదిరప్ప.

తరువాత అతను తలెత్తకుండానే చెప్పాడు.

"పేకకు పట్టు సాల్లేదు సార్. సావుకారు రెండోసారి పట్టుకు రంగు అద్దించి పంపిచ్చినాడు. రంగు ఒక పిసరు తేడా. పేక దారం కండె మార్చంగానే నాకు అగపడింది. అప్పుడే నిలిపి, సామీ ఇది కలవదు అని చెప్పిండల్ల. పెండ్లి దగ్గరికొచ్చిండె, ఆయన ఒకటే తొందర పెడ్తాండె. ఎవురు చూస్తార్లే అనుకొని నేసేస్తిని. అంతమందిలో అడిగేసరికి, చూసీ నేసినానని ఎట్ల చెప్పేది? కన్నుమీద పెడ్తిని. కన్ను ఎట్లా సగం పోయిందే గదా, ఇంగొక నింద మోస్తే ఏమని."

"మరి ఆపరేషన్‌కు యాల ఒప్పుకుంటివి? ఆ కన్ను కూడా పోతే?"

"పోతే నా మాట నిజమైపోతాది గదా సార్" అన్నాడు.

అంతకు పది నిమిషాల ముందు నాలో పొంగిన గర్వం ఎక్కడికి పోయిందో తెలియలేదు. నేను దొంగను పట్టుకున్నాననుకున్నాను. పట్టుకున్నది, సిగ్గును తప్పించుకోవడానికి ఉన్న ఒక్క కన్నునూ బల్ల మీద పెట్టిన మనిషిని. దానికి సాయం చేసింది నా అంకె. ఇంకొక్క రోజు నేను తృప్తిపడి ఉంటే డాక్టరమ్మ కత్తి పట్టి ఉండేవారు. పైగా ఆ సంగతిని నేను అతని భార్య ముందు లాగాను. మరొకరెవరైనా ఇలా చేసి ఉంటే నేనే తప్పుపట్టి ఉండేవాణ్ణి.

"ఫక్రుకు చెప్పొద్దు సార్" అన్నాడతను. చెప్పనన్నాను. తలుపు వేసి ఉండగానే పలకలు మళ్లీ మొదటినుంచి చూపించాను. ఈసారి చకచకా చెప్పేశాడు. అంకె పెనుకొండలో వచ్చినదానికి అచ్చంగా సరిపోయింది. అదే నిజమైన కొలత అని నాకు సందేహం కూడా కలగలేదు. డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ అంతా విని, "రోగి మనతో చెప్పుకున్నది మన దగ్గరే ఉండాలి. ఆపరేషన్ లేదు, పాత చుక్కలే వాడమనండి" అన్నారు.

ఫకృద్దీన్ మందులతో తిరిగి వచ్చేసరికి నేను కదిరప్ప, రామక్కలతో వరండాలో నిలబడి ఒక వాక్యం సిద్ధం చేసుకుని ఉన్నాను. "ఈ జబ్బులో ఈ పరీక్ష నిలకడగా ఉండదయ్యా. ఒకసారి చెడ్డగా వచ్చిందని నమ్మలేం. ఇప్పుడు ఆపరేషన్ అవసరం లేదు" అన్నాను. ప్రతి మాటా నిజం. శాస్త్రం ఒప్పుకునే మాటలు. అబద్ధాన్ని కప్పడానికి అంతకంటే శుభ్రమైన గుడ్డ దొరకదు.

ఆ యువకుడి ముఖం వికసించింది. "అట్లయితే కన్ను నిలబడుతాదా సార్? ఈ మాట ముందు మా సావుకారుకు చెప్పల్ల. ఆయన అన్నం సయించక ఉండాడు మామా. నేనే తొందర పెట్టి, రేయింబవళ్లు నేయించి కదిరప్ప కన్ను చెడగొడ్తినని మనం బయల్దేరే దినం కూడా అంటాండె. పా, మూడు గంటల బస్సుంది" అంటూ కదిరప్ప చేతిలోని సంచీ అందుకున్నాడు.

కదిరప్ప సంచీ వదలలేదు.

"ఫక్రూ, చార నాకు అగపడింది" అన్నాడు.

"యా చార?"

"పెండ్లిచీరది. నేసేటప్పుడే అగపడింది. చూసే నేసినా. కన్ను కాదు."

వరండాలో చుక్కల మందు వేయించుకుని కళ్లు మూసుకుని వరుసగా కూర్చున్న రోగులున్నారు. ఒకరిద్దరు కళ్లు తెరిచారు. ఫకృద్దీన్ కదిరప్పకు దగ్గరగా జరిగాడు.

"ఇంతమందిలో చెప్పే మాటేనా మామా ఇది" అన్నాడు మెల్లగా.

"ఇంతమందిలోనే గదరా అబద్ధం చెప్పింది."

"సావుకారుకు నువ్వే చెప్పుకోవల్ల. నా నోటితో నేను చెప్పలేను. ఆ మనిషి నీకోసం..." వాక్యం పూర్తి చేయకుండా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కదిరప్ప నా దగ్గరికి వచ్చాడు. "ఇంగొకసారి పెట్టండి సార్ ఆ పలకలు. తలుపు మూయొద్దు. వీళ్లిద్దరూ ఉండనీ."

అవసరం లేదన్నాను. ఇందాకే సరిగ్గా వచ్చిందని చెప్పాను. "రాలేదు సార్" అన్నాడు.

మళ్లీ కూర్చున్నాం. అతను ఇదివరకెన్నడూ లేనట్టు ముందుకు వంగి చూశాడు. "లేదు" అన్నాడు. "ఇంగా లేదు. ఏదో మసక ఉండాది గానీ గీతలని చెప్పలేను. ఉండండి... ఆఁ. ఇప్పుడు గీతలే." అన్ని పలకలనూ అలాగే, తొందరపడకుండా, లేనిచోట లేదంటూ చెప్పాడు. అంకె వేశాను. గుమాస్తా ముందు వచ్చిన ఆ పెద్ద అంకె కాదు. తలుపు వేసినప్పుడు వచ్చిన చక్కటి అంకె కూడా కాదు. రెంటికీ నడుమ ఉంది. గుండ్రటి కిటికీతో నిలువూ అడ్డమూ అడిగి సరిచూశాను. పలచటి గీతల దగ్గర ఇప్పుడు ఒప్పులూ తప్పులూ కలగలిసి వచ్చాయి. ముదిరేకొద్దీ ఒప్పులే మిగిలాయి. అవి నడుమ వచ్చిన అంకెకే సాక్ష్యం చెప్పాయి.

"ఇందాక తలుపు మూసినప్పుడు అంత తొందరగా ఎట్ల చెప్తివి మరి?" అని అడిగాను.

"మీరు కోపంగా ఉండిరి సార్. అగపడతాండాయి అనిపించుకోవల్లని మీకుండె. చెప్పేస్తిని."

"పెనుకొండలో?"

అతను రామక్కవైపు ఓరగా చూశాడు. "ఆడ ఇది పక్కన నిలబడి ఉండె. దీని ముందర అగపడలేదని చెప్పేదానికి మనసు రాలేదు."

"నా మీద వేయకు. నేను నిదానంగా చూసి చెప్పమనే చెప్తి" అంది ఆమె. ఆ రోజు మొదటిసారి ఆమె గొంతులో మామూలు విసుగు వినిపించింది.

డాక్టరమ్మ నాలుగో అంకె చూసి నిర్ణయం మార్చారు. ఆపరేషన్ లేదు గానీ, పాత చుక్కలు చాలవు, కొత్త మందు కలపాలి అన్నారు. పెరిగిన ఒత్తిడితో కలిపి చూస్తే కన్ను కొంత దిగిన మాట నిజమే. నా మూడో అంకె నమ్మి పంపి ఉంటే ఆ దిగడం ఎవరికీ తెలియకుండా సాగేది. తరువాతి ధర్మవరం శిబిరానికి కదిరప్ప ఒక్కడే వచ్చాడు. సావుకారుకు తానే చెప్పుకున్నాడట. మగ్గం పోలేదు గానీ పెండ్లిచీరలు మాత్రం అతనికి ఇవ్వడం లేదట. "ఇంగా యా మొగంతో అడిగేది సార్" అన్నాడు. మందు క్రమంగా వేసుకున్నాడు. నేను హిందూపురం వదిలేనాటికి ఆ కన్ను నిలిచే ఉంది.

ఆ పలకల నమ్మకం గురించి తరువాత నన్ను చాలామంది అడిగారు. వెలుగు, వేగం, చుక్కలు, రోగి జంకు గురించి చెబుతాను. రోగి వెంట వచ్చినవాళ్లను పరీక్ష జరిగేటప్పుడు బయట కూర్చోబెట్టమంటాను. అడిగే తీరు మార్చి నిలువా అడ్డమా అని అడగమంటాను. ఇవన్నీ సరైన జాగ్రత్తలే. కానీ నా తప్పు ఈ జాబితాలో దేనికిందా రాదు. రెండో అంకె నాకు నచ్చలేదు కాబట్టి దాన్ని రెండు రోజులు తవ్వాను. మూడోది నా తెలివిని మెచ్చుకుంది కాబట్టి ఒక్క నిమిషం కూడా తవ్వలేదు. అనుమానమే నా వృత్తిధర్మమని చెప్పుకున్నవాణ్ణి, నాకు సుఖంగా ఉన్న చోట దాన్ని పక్కన పెట్టాను. ఆ అంకె తప్పని చెప్పింది నేను కాదు, అబద్ధమాడాడని నేను నిలదీసిన మనిషి.

అప్పటినుంచి ఎవరి చూపు కొలవబోయినా, రోగి ఎవరికి జంకుతాడో తెలుసుకోవడానికి ఆ గదిలో ఎవరెవరున్నారో చూసుకుంటాను. ఆ లెక్కలో మొదట నన్ను వేసుకుంటాను.